జపాన్ వీడియో ఆటలు: యంత్రం గొప్పా, ఆలోచన గొప్పా?

వీడియో ఆటల ప్రస్తావన వస్తే చాలు, పిల్లల్లో పెద్ద వాదమే మొదలవుతుంది. ఏ ఆటలో బొమ్మలు నిజం మనుషుల్లా కనిపిస్తాయి? ఏ యంత్రం ఎక్కువ వేగంగా పనిచేస్తుంది? ఏ ఆటను ఎన్ని కోట్లమంది ఆడుతున్నారు? వాదమంతా ఈ లెక్కల చుట్టూనే తిరుగుతుంది. ఈ లెక్కలు చూసి కొందరు, "జపాన్ ఆటల రోజులు పోయాయి. ఇప్పుడంతా అమెరికా, చైనా, కొరియాలదే" అని తేల్చి చెబుతుంటారు.

ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన మైన్‌క్రాఫ్ట్ స్వీడన్‌లో పుట్టింది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరసలో అయిదో ఆటను ప్రధానంగా స్కాట్లండులో తయారుచేశారు. మన దేశంలో కుర్రకారును ఒక ఊపు ఊపిన పబ్జీ దక్షిణ కొరియా వాళ్లది. పైగా ఇవాళ ఆటల వ్యాపారంలో వచ్చే డబ్బులో సుమారు సగం ఫోను ఆటలదే. ఆ రంగంలో చైనా సంస్థల బలం చాలా ఎక్కువ.

ఇక రెండో వైపు చూడండి. టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెలను కన్సోళ్లు అంటారు. వాటిని తయారుచేసే మూడు పెద్ద సంస్థలు నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్. మొదటి రెండూ జపాన్‌లో పుట్టినవే. నింటెండో వారు 2017లో విడుదల చేసిన స్విచ్ అనే కన్సోలు 15 కోట్లకు మించి అమ్ముడుపోయింది. రోజులు పోయినవాళ్ల సరుకు ఇలా అమ్ముడుపోతుందా?

రెండు లెక్కలూ నిజమే. కాని జపాన్ ఆటల విలువ ఈ రెండు లెక్కల్లోనూ లేదని నా అభిప్రాయం. ఉన్న కొద్దిపాటి వనరులతో, ఆడేవాళ్ల మనసెరిగి, ఆలోచనతో ఆట తయారుచేయడం ఎలాగో వాళ్లు లోకానికి చూపించారు. ఈ సంగతి గుర్తున్నంతకాలం వాళ్లు గెలిచారు. మరిచిపోయినప్పుడల్లా దెబ్బతిన్నారు. అదెలాగో చూద్దాం.

లోపమే ఆటయింది

పులి-మేక ఆడడానికి ఏం కావాలి? నేలమీద గీతలు గీయడానికి ఒక సుద్దముక్క, నాలుగు గులకరాళ్లు. అంతే! ఆటలోని రంజు రాళ్లలో లేదు, నియమాల్లో ఉంది. వీడియో ఆటల సంగతీ ఇంతే.

1978లో జపాన్‌లోని టైటో అనే సంస్థలో పనిచేస్తున్న తొమోహిరో నిషికాదో 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆట తయారుచేశాడు. తెరమీద 55 మంది గ్రహాంతరవాసులు వరసలు కట్టి కిందికి దిగుతుంటారు. వాళ్లు నేలకు చేరేలోగా మనం కాల్చిపడేయాలి. ఆనాటి కంప్యూటరు చాలా నిదానంగా పనిచేసేది. అన్ని బొమ్మలనూ ఒక్కసారిగా జరపడం దాని తరం కాదు. ఒకదాని తరవాత ఒకటిగా జరుపుకుంటూ వచ్చేది. అందుచేత 55 బొమ్మలున్నప్పుడు శత్రువులు నత్తనడక నడిచేవారు. మనం కాల్చేకొద్దీ బొమ్మలు తగ్గిపోతాయి. యంత్రానికి పని తగ్గుతుంది. మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. ఆఖరివాడైతే పరుగే పరుగు!

నిజానికి ఇది యంత్రంలోని లోపం. నిషికాదో దీన్ని గమనించాడు. కాని దిద్దకుండా అలాగే ఉంచేశాడు. ఎందుకంటే ఆట ముగింపుకు వచ్చేకొద్దీ ఆడేవాళ్ల గుండె దడ పెరగడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఆట ముందుకు సాగేకొద్దీ కష్టం పెరగాలన్న సూత్రం ఈనాటికీ ఎన్నో ఆటల్లో కనిపిస్తుంది.

1980లో నామ్కో సంస్థకు చెందిన తోరు ఇవతాని 'పాక్‌మాన్' తయారుచేశాడు. ఇందులో నాలుగు దయ్యాలు మనల్ని తరుముతాయి. వాటికి బుర్ర ఉన్నట్టే అనిపిస్తుంది. కాని ఒక్కొక్కదానికి ఉన్నది ఒక్క చిన్న నియమమే. ఎర్రది మనం ఉన్న చోటికే సూటిగా వస్తుంది. గులాబి రంగుది మనకంటే నాలుగు గళ్లు ముందుకు గురిపెట్టి దారి కాయాలని చూస్తుంది. నీలం రంగుది ఎర్రదాని స్థానాన్నీ మన స్థానాన్నీ కలిపి లెక్కవేసుకుంటుంది. నారింజ రంగుది దూరంగా ఉంటే తరుముతుంది, దగ్గరికి రాగానే వెనుదిరిగి పోతుంది. నాలుగు నియమాలు కలిసేసరికి, దయ్యాలన్నీ కూడబలుక్కుని చుట్టుముట్టినట్టు మనకు తోస్తుంది!

256 చుక్కల మనిషి

మారియో మీసాల వెనక కూడా ఒక కథ ఉంది. 1981లో నింటెండో సంస్థలో షిగెరు మియామోతో అనే చిత్రకారుడు 'డాంకీకాంగ్' అనే ఆట రూపొందించాడు. అందులో హీరో బొమ్మ గీయడానికి ఆయనకు దొరికిన జాగా అడ్డంగా 16, నిలువుగా 16 చుక్కలు. మొత్తం 256 చుక్కల్లో మనిషి పూర్తిగా ఇమడాలి. అంత చిన్న మొహంలో నోరు గీస్తే అది నోరని తెలియదు. అందుకని పెద్ద ముక్కు పెట్టి, దాని కింద గుబురు మీసం పెట్టాడు. నోటితో పని లేకుండా పోయింది. జుట్టు గాలికి ఎగిరినట్టు గీయడం కష్టం. అందుకని టోపీ పెట్టాడు. చేతులు కదులుతున్నట్టు తెలియాలంటే చొక్కా ఒక రంగు, పైన తొడుగు మరో రంగు ఉండాలి. ఈ ఇబ్బందులన్నిటికీ కనిపెట్టిన పరిష్కారాల మొత్తమే మారియో.

మారియో ప్రధాన పాత్రగా 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం పట్టిన జాగా 40 కిలోబైట్లు. ఇవాళ ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దీనికి పదుల రెట్లు ఉంటుంది. జాగా చాలక అందులో మబ్బులకూ పొదలకూ ఒకే బొమ్మ వాడారు. తెల్లరంగు వేస్తే మబ్బు, ఆకుపచ్చ రంగు వేస్తే పొద!

అంతకంటే గమ్మత్తయిన విషయం ఆ ఆట మొదట్లోనే ఉంది. ఎలా ఆడాలో చెప్పే ఒక్క వాక్యం కూడా తెరమీద రాదు. మారియో ఎడమ అంచున, కుడివైపు చూస్తూ నిలబడి ఉంటాడు. కుడివైపంతా ఖాళీ. కాబట్టి అటే వెళ్లాలని మనకు తెలిసిపోతుంది. కాస్త ముందుకు పోగానే ఒక శత్రువు మెల్లగా నడిచి వస్తుంది. గెంతకపోతే ఓడిపోతాం. కాని ఆట అప్పుడే మొదలయింది కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు. రెండోసారి గెంతుతాం. గెంతినప్పుడు తల పైనున్న ప్రశ్నగుర్తు పెట్టెకు తగిలి నాణెం వస్తుంది. అంటే ఒక్క నిమిషంలో మూడు పాఠాలు! చెప్పినవాళ్లు లేరు, బట్టీ పట్టినవాళ్లు లేరు. చేసి, తప్పి, మళ్లీ చేసి నేర్చుకున్నాం. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు కూడా ఒకసారి పరిశీలించవలసిన పద్ధతి ఇది.

ఈ ఆట ఎలాంటి రోజుల్లో వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1983లో అమెరికాలో వీడియో ఆటల వ్యాపారం కుప్పకూలింది. అంతకుముందు లాభాలకు ఆశపడి ఎవరికి తోచినట్టు వాళ్లు నాసిరకం ఆటలు మార్కెట్లో గుమ్మరించారు. కొన్నవాళ్లకు విసుగుపుట్టి కొనడం మానేశారు. అమ్ముడుపోని ఆటలను అటారీ సంస్థ న్యూమెక్సికో రాష్ట్రంలో గోతులు తవ్వి పాతిపెట్టింది. 2014లో తవ్వితే అవి బయటపడ్డాయి కూడా! అమెరికాలో ఆ వ్యాపారం మళ్లీ లేచి నిలబడింది నింటెండో కన్సోలు వచ్చాకే. ఆ కన్సోలు 6 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

ఎండిన కర్ర

వడ్రంగిని అడిగి చూడండి. తలుపు చేయడానికి పచ్చికర్ర పనికిరాదంటాడు. బాగా ఎండిన కర్రయితే వంగదు, పగలదు, దాని గుణం మనకు ముందే తెలుసు. నింటెండోలో గున్‌పెయి యోకోయి అనే ఇంజనీరు సరిగ్గా ఈ మాటే అనేవాడు. కొత్తగా వచ్చిన పరిజ్ఞానం కోసం ఎగబడవద్దు, 'ఎండిన' పరిజ్ఞానాన్ని తీసుకుని ఎవరూ ఊహించని పనికి వాడండి అన్నది ఆయన సిద్ధాంతం. అది చవగ్గా దొరుకుతుంది. దాని లోపాలన్నీ అప్పటికే బయటపడి ఉంటాయి.

రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక జేబు కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ కూర్చోవడం యోకోయి చూశాడు. అప్పటికి కాలిక్యులేటర్ల తెరలు చాలా చవకైపోయాయి. వాటితోనే 1980లో జేబులో పట్టే ఆట బొమ్మలు తయారుచేశాడు. 1982లో వాటిలో ఒకదానికి నాలుగు దిక్కులూ చూపే కూడిక గుర్తు ఆకారంలో ఒక మీట అమర్చాడు. ఈనాడు చాలా కన్సోళ్లలో, చేత పట్టుకునే సాధనం మీద అలాంటి మీట కనిపిస్తుంది.

1989లో ఆయన బృందం 'గేమ్‌బాయ్' తెచ్చింది. దాని తెరకు రంగులు లేవు, నాలుగు ఛాయలు మాత్రమే. మరుసటి ఏడు జపాన్‌కే చెందిన సెగా సంస్థ రంగుల తెరతో 'గేమ్‌గేర్' విడుదల చేసింది. కాగితం మీద చూస్తే గెలుపు సెగాదే. కాని రంగుల తెర కనిపించాలంటే దాని వెనక దీపం వెలగాలి. దీపం వెలగాలంటే కరెంటు కావాలి. గేమ్‌గేర్‌లో ఆరు బ్యాటరీలు వేస్తే మూడు నుంచి అయిదు గంటలు పనిచేసేది. గేమ్‌బాయ్ తెర బయటి వెలుతురుతోనే కనిపిస్తుంది. అందుచేత నాలుగు బ్యాటరీలతో పదిహేను గంటలు, ఒక్కోసారి అంతకు మించి కూడా నడిచేది. ధర కూడా తక్కువే. బ్యాటరీలు కొనవలసింది పిల్లల జేబు డబ్బుతోనే అని యోకోయికి తెలుసు. గేమ్‌గేర్ సుమారు కోటి అమ్ముడైతే, గేమ్‌బాయ్, తరవాత వచ్చిన దాని రంగుల రూపం కలిసి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

యోకోయి 1997లో మరణించాడు. ఆయన ఆలోచన మాత్రం మిగిలింది. బస్సు ఒక్కసారిగా కదిలితే మనం వెనక్కి తూలుతాం కదా! అదే సూత్రంతో పనిచేసే చిన్న సిలికాన్ పరికరాలున్నాయి. వాటిలో సన్నని స్ప్రింగులమీద నిలిచిన ముక్క ఒకటి ఉంటుంది. పరికరం కుదుపుకు లోనైతే ఆ ముక్క తూలుతుంది. ఎంత తూలిందో విద్యుత్తుతో కొలుస్తారు. కారు గుద్దుకున్నప్పుడు గాలిసంచి విచ్చుకోవడానికి ఇలాంటివి 1990ల నుంచీ వాడుతున్నారు. 2006లో నింటెండో ఈ పరికరాన్ని 'వీ' అనే కన్సోలు చేతికర్రలో పెట్టింది. చెయ్యి ఊపితే తెరమీద టెన్నిస్ బ్యాటు ఊగింది! సోనీ, మైక్రోసాఫ్ట్ యంత్రాలకంటే శక్తిలో ఎంతో వెనకబడిన ఆ కన్సోలు 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

దీవిలో చిక్కుకుంటే

మరి జపాన్ వెనకబడిందన్న మాట ఎలా వచ్చింది? 2006 తరవాత కొన్నేళ్లు అది నిజంగానే జరిగింది. కన్సోళ్ల శక్తి పెరిగేకొద్దీ ఒక ఆట తయారీకి వందలమంది మనుషులు, ఏళ్ల తరబడి కాలం అవసరమయ్యాయి. అమెరికా, యూరప్ సంస్థలు ఒక ఆటకు తయారుచేసిన పనిముట్లను మరో ఆటకు వాడుకునే పద్ధతికి త్వరగా అలవాటుపడ్డాయి. జపాన్ సంస్థలు చాలావరకు ప్రతి ఆటకూ మొదటినుంచీ సొంతంగా అన్నీ చేసుకునేవి. సోనీ 2006లో తెచ్చిన మూడో ప్లేస్టేషన్ గుండెకాయలాంటి చిప్పు బలమైనదే. కాని దానికి ప్రోగ్రాములు రాయడం తయారీదార్లకు తలకు మించిన పని అయింది.

దీనికి తోడు స్వదేశంలోనే పెద్ద మార్కెట్టు ఉండడం కూడా ఒక చిక్కు అయింది. డార్విన్ చూసిన గలపగోస్ దీవుల జీవులు గుర్తున్నాయా? బయటి ప్రపంచంతో సంబంధం లేక అవి తమదైన దారిలో పరిణామం చెందాయి. జపాన్ వాళ్లు తమ పాత సెల్‌ఫోన్లను ఎగతాళిగా 'గలపగోస్ ఫోన్లు' అని పిలుచుకునేవారు. స్వదేశంలో అవి బ్రహ్మాండం, బయట ఎక్కడా పనికిరావు. ఆ రోజుల్లో వచ్చిన అనేక జపాన్ ఆటల సంగతీ అంతే.

కాలుజారినవాళ్లు మళ్లీ నిలదొక్కుకున్నది ఎలా? పాత ఆలోచనకు తిరిగి రావడం వల్లనే. 2017లో నింటెండో 'జెల్డా' వరసలో ఒక కొత్త ఆట తెచ్చింది. అందులో ప్రకృతి కొద్దిపాటి నియమాల మీద నడుస్తుంది. నిప్పు తగిలితే గడ్డి అంటుకుంటుంది. గడ్డి మండితే వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలిలో గొడుగులాంటి తెరచాప విప్పితే మనమూ పైకి లేస్తాం. ఉరుములు ఉరిమేటప్పుడు ఇనపకత్తి చేతిలో ఉంటే పిడుగు నెత్తిన పడుతుంది. ఒక చిక్కుముడికి తయారీదార్లు అనుకున్న పరిష్కారం ఒకటైతే, పిల్లలు కనిపెట్టినవి పది. పాక్‌మాన్ దయ్యాలకు నాలుగు నియమాలు చాలినట్టే, ఇక్కడా కొద్ది నియమాలు ఒక లోకాన్ని సృష్టించాయి.

ఆ లోకం నుంచి మిగతా దేశాలు ఎంత నేర్చుకున్నాయో చూడండి. 2020లో చైనా నుంచి వచ్చిన 'గెన్షిన్ ఇంపాక్ట్' మీద ఈ జెల్డా ఆట ప్రభావం బాహాటంగానే కనిపిస్తుంది. ఒక అమెరికన్ కుర్రాడు ఒంటరిగా కూర్చుని చేసిన వ్యవసాయం ఆట 'స్టార్‌డ్యూ వ్యాలీ'కి ప్రేరణ 1996 నాటి ఒక జపాన్ ఆట. 2025లో ఫ్రాన్స్ వాళ్లు చేసి పేరు తెచ్చుకున్న 'క్లేర్ ఆబ్స్క్యూర్' జపాన్ వారి 'ఫైనల్ ఫాంటసీ' ఆటలను చూసి నేర్చుకున్నదే. అమ్మకాల పట్టికలో ఈ ఆటలు జపాన్ ఖాతాలో పడవు. కాని ఆలోచనల ఖాతా వేరే ఉంది.

ఆఖరి బొమ్మ ఎందుకు దొరకదు?

ఇంత పొగిడాక ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఆడేవాళ్ల మనసు చదివే విద్య కత్తిలాంటిది. కూరగాయలూ తరగవచ్చు, జేబూ కోయవచ్చు.

జపాన్ బజారుల్లో నాణెం వేసి మర తిప్పితే ఏదో ఒక బొమ్మ రాలిపడే యంత్రాలుంటాయి. ఏ బొమ్మ వస్తుందో ముందు తెలియదు. ఈ పద్ధతిని అక్కడి ఫోను ఆటల్లో పెట్టారు. దాని పేరు 'గాచా'. డబ్బు కడితే ఏదో ఒక ఆయుధమో, పాత్రో వస్తుంది. ఒక రకంలో, ఫలానా బొమ్మలన్నీ సంపాదించినవాళ్లకు ఒక అరుదైన బహుమతి ఉండేది.

దీని వెనక లెక్క చూడండి. ఆరు బొమ్మలున్నాయనీ, అన్నీ సమానంగా వచ్చే అవకాశం ఉందనీ అనుకుందాం. ఆరుసార్లు డబ్బు కడితే ఆరూ వస్తాయనిపిస్తుంది. కాని సగటున 14.7 సార్లు కట్టాలి! ఎందుకంటే మొదటిసారి ఏది వచ్చినా కొత్తదే. అయిదు చేరాక మిగిలిన ఒక్కదానికోసం సగటున ఆరుసార్లు ప్రయత్నించాలి. నమ్మకం లేకపోతే పాచిక ఒకటి తీసుకుని ఆరు ముఖాలూ పడేదాకా వేసి లెక్కపెట్టండి. ఇరవైసార్లు ఇలా చేసి సగటు కట్టండి. "ఇంకొక్కటే కదా మిగిలింది" అన్న ఆశ ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది. అసలు ఆటల్లో అన్ని బొమ్మలకూ సమాన అవకాశం ఉండదు కాబట్టి ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఇలా బొమ్మలన్నీ పోగుచేయించే గాచా చట్టవిరుద్ధమని 2012లో జపాన్ వినియోగదారుల శాఖ స్పష్టం చేసింది. మామూలు గాచా మాత్రం ఇప్పటికీ సాగుతోంది, దేశదేశాలకూ పాకింది.

మారియో మొదటి తెర, గాచా మర రెండూ ఒకే దేశం నుంచి వచ్చాయి. రెండిటినీ చేసినవాళ్లు మన మనసును క్షుణ్ణంగా చదివినవాళ్లే. మొదటిది మనకు తెలియకుండా మనచేత నేర్పిస్తుంది. రెండోది మనకు తెలియకుండా మనచేత ఖర్చు పెట్టిస్తుంది. తేడా కనిపెట్టే బాధ్యత ఆడేవాళ్లదే.

అందుచేత ఈసారి మీ స్నేహితులతో వాదం వచ్చినప్పుడు "ఏ దేశం గొప్ప? ఏ యంత్రం గొప్ప?" అని అడగడం మాని, ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి: ఈ ఆటలో నియమాలు ఎన్ని? వాటితో నేను కొత్తగా ఏం చేయగలుగుతున్నాను? ఇది నా తెలివికి పని చెబుతోందా, నా జేబుకా?

ఇంకొక్క పని కూడా చేయండి. గళ్ల కాగితం తీసుకుని అడ్డంగా 16, నిలువుగా 16 గళ్లు గీతగీసి వేరుచేయండి. మూడే రంగులు వాడి అందులో మీ తాతయ్యనో, మీ వీధిలో కూరలమ్మే ఆమెనో, ఎవరో ఒకరిని చూడగానే పోల్చుకునేట్టు చిత్రించండి. మొదట ఏదీ ఇమడదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తల బద్దలు కొట్టుకోవలసి వస్తుంది. 1981లో మియామోతో చేసినది ఆ పనే. దానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.